ఆయుధాల అమ్మకం, మన ఓటు, మన శీలం



2024 అక్టోబరులో ఒక రాత్రి నాకు అమెరికా నుంచి ఫోనొచ్చింది. చేసింది మా అన్న కూతురు. మా పేటలో పుట్టి, సంక్షేమ హాస్టల్లో చదివి, స్కాలర్‌షిప్పు మీద ఇంజనీరింగు పూర్తిచేసి అక్కడికి వెళ్లిన పిల్ల. ఆ మధ్యే పౌరసత్వం వచ్చింది. అధ్యక్ష ఎన్నికల్లో మొదటిసారి ఓటెయ్యబోతోంది. ఆ సంతోషం చెప్పడానికే చేసిందనుకున్నాను. కానీ గొంతులో సంతోషం లేదు.

"బాబాయ్, ఇక్కడ ఇద్దరు అభ్యర్థులూ బాంబులు పంపేవాళ్లే. గాజాలో పిల్లలు చచ్చిపోతుంటే రోజూ ఫోన్లో చూస్తున్నాను. ఆ బాంబుల ఖర్చులో నా జీతంలో పట్టుకున్న పన్ను కూడా ఉంది. పొద్దున్నే పంచశీల చెప్పుకుంటాను. ప్రాణం తియ్యనని చెప్పుకున్న నోటితో, మధ్యాహ్నం పోయి వీళ్లలో ఒకరికి ఓటేస్తే నా శీలం ఏమైనట్టు? అసలు వెయ్యకుండా ఇంట్లో కూర్చుంటే నయం కదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానమ్మా అన్నాను.

ఆ ఆదివారం విహారంలో వందన అయ్యాక ఈ ప్రశ్న అందరి ముందూ పెట్టాను. ఒక ఉపాసకుడు లేచి, "అన్నా, అమెరికా సంగతి సరే. మావాడికి హైదరాబాదు పక్కన క్షిపణులకు భాగాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగమొచ్చింది. వాడు పంపే డబ్బుతోనే ఇల్లు నడుస్తోంది. మరి అదీ తప్పేనా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ ఇద్దరికీ బాకీపడ్డ జవాబే ఈ వ్యాసం.

బుద్ధుడు ఆయుధాల వ్యాపారం గురించి ఏమన్నాడు?

అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఉపాసకులు చెయ్యకూడని వ్యాపారాలు ఐదు చెప్పాడు. ఆయుధాల అమ్మకం, ప్రాణుల అమ్మకం, మాంసం అమ్మకం, మత్తు పదార్థాల అమ్మకం, విషం అమ్మకం. ఈ మాట భిక్షువుల జీవనం గురించి కాదు. ఇల్లూ పిల్లలూ ఉన్న మనలాంటివాళ్ల కోసం చెప్పింది. ఆ ఐదింటిలో మొదట పేరొచ్చింది ఆయుధాలకే. సమ్మా ఆజీవం అంటే మన పొట్ట నింపుకోవడం కోసం ఇంకొకరి ప్రాణం మీదికి తేకపోవడం.

ఇంతవరకు తేలికే. మనలో తుపాకులు అమ్ముకునేవాడు ఎవడున్నాడు? చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ రోజుల్లో పెద్ద ఆయుధాల బేరం దుకాణదారుడు ఒక్కడే చేసేది కాదు. తయారుచేసేది కంపెనీ అయినా దేశం దాటించాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. చాలాసార్లు బేరం కుదిర్చేది కూడా ప్రభుత్వమే. ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టింది ఓటు. అంటే పౌరుడి పేరు మీద జరిగే వ్యాపారం అది. మన పేరు మీద జరిగే వ్యాపారాన్ని మనం ఆపగలమా? మా అమ్మాయి అడిగిన ప్రశ్న అసలు ఇదే.

అక్కడ ఓటు ఎంతవరకు పనిచేసింది?

ఉత్తినే ఊహలు చెప్పుకోవడం కంటే జరిగింది చూద్దాం. 2015 మార్చిలో సౌదీ అరేబియా, దాని మిత్ర దేశాలు యెమెన్ యుద్ధంలోకి దిగాయి. విమానాలు, బాంబులు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ అమ్మినవే. 2018 ఆగస్టు 9న ఉత్తర యెమెన్లో దహ్యాన్ అనే ఊరి సంతలో పిల్లలు వెళ్తున్న బస్సు మీద బాంబు పడింది. 40 మంది పిల్లలు చనిపోయారు. ఆ బాంబు అమెరికాలో తయారైనదని ముక్కల మీది అంకెలు చూసి విలేఖరులు బయటపెట్టారు. 2021 చివరికి యెమెన్లో 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ లెక్కకట్టింది. అందులో సగానికి పైగా ఆకలి వల్ల, రోగాల వల్ల, వైద్యం అందక పోయినవాళ్లే.

2018 నవంబరు ఎన్నికల్లో అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ మారింది. 2019లో రెండు సభలూ కలిసి, యెమెన్ యుద్ధానికి మన సాయం ఆపాలని తీర్మానం చేశాయి. అధ్యక్షుడు వీటో చేశాడు. సౌదీకి, ఎమిరేట్స్‌కి సుమారు 800 కోట్ల డాలర్ల ఆయుధాలు అమ్మకూడదని మళ్లీ తీర్మానాలు చేశాయి. మళ్లీ వీటో.

అక్కడి చట్టం తీరు అది. పెద్ద ఆయుధాల అమ్మకం ఉంటే అధ్యక్షుడు ముందుగా చట్టసభకు తెలియజేయాలి. వద్దని సభలు తీర్మానించవచ్చు. కానీ అధ్యక్షుడు వీటో చేస్తే, దాన్ని కొట్టెయ్యడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. ఇన్నేళ్లలో ఈ దారిలో ఒక్క అమ్మకం కూడా ఆగలేదు.

2020 ఎన్నికల్లో గెలిచిన అభ్యర్థి, సౌదీకి ఇక ఆయుధాలు అమ్మనని ప్రచారంలోనే చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో, దాడులకు వాడే ఆయుధాల అమ్మకం ఆపుతున్నామని ప్రకటించాడు. ఓటు పనిచేసిందా? చేసింది. కానీ 2022లో అదే అధ్యక్షుడు సౌదీకి వెళ్లి యువరాజును కలిశాడు. 2024 ఆగస్టులో ఆ నిషేధం ఎత్తేశాడు. మూడున్నరేళ్లు మూసిన తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

గాజా సంగతీ అంతే. 2024 మేలో 2,000 పౌన్ల బాంబుల విడత ఒకటి ఆపారు. 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు రాగానే అది కూడా వదిలేశారు.

ఇది చూసి ఓటు వల్ల ఏమీ కాదనేవాళ్లు ఉన్నారు. ఓటొక్కటి చాలనేవాళ్లూ ఉన్నారు. నాకు ఇద్దరి మాటా సరిగా తోచలేదు. కారణం 1986వ సంవత్సరం.

ఒకే ఏడాది, రెండు వీటోలు

1986లో రోనాల్డ్ రీగన్ అధ్యక్షుడు. సౌదీకి క్షిపణులు అమ్మబోతే సభలు రెండూ వద్దన్నాయి. ఆయన వీటో చేశాడు. జూన్‌లో సెనేట్ ఆ వీటోను కొట్టెయ్యాలని చూసింది. 67 ఓట్లు కావాలి, 66 వచ్చాయి. ఒక్క ఓటు తక్కువై క్షిపణులు వెళ్లిపోయాయి.

అదే ఏడాది, అదే సభ, అదే అధ్యక్షుడు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను వెలివేసి పాలిస్తున్న తెల్ల ప్రభుత్వం మీద ఆంక్షలు పెడుతూ సభలు చట్టం చేశాయి. రీగన్ దాన్నీ వీటో చేశాడు. ఈసారి వీటో నిలవలేదు. ప్రతినిధుల సభలో 313 మంది, సెనేట్‌లో 78 మంది దాన్ని కొట్టేశారు. రీగన్ సొంత పార్టీవాళ్లు కూడా చాలామంది ఆయనకు ఎదురుతిరిగారు.

ఎందుకీ తేడా? సభ్యులు వాళ్లే, వాళ్లను గెలిపించిన ఓట్లూ అవే. తేడా అంతా వీధిలో ఉంది. 1970లో పోలరాయిడ్ అనే ఫొటోల కంపెనీలో పనిచేసే ఇద్దరు నల్ల ఉద్యోగులు, తమ కంపెనీ సరుకుతోనే దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పాసుపుస్తకాలకు ఫొటోలు తీస్తున్నారని కనిపెట్టి ఎదురుతిరిగారు. అప్పటికి వాళ్లు ఇద్దరే. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కూలీలు 11 రోజుల పాటు దక్షిణాఫ్రికా సరుకు ముట్టుకోలేదు. ఆ ఏడాది నుంచే వాషింగ్టన్లో దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు జనం వచ్చి అరెస్టయ్యేవాళ్లు. విద్యార్థులు తమ విశ్వవిద్యాలయాల డబ్బు అక్కడి వ్యాపారాల్లోంచి తియ్యమని కూర్చున్నారు. చర్చీలు కదిలాయి. పదిహేనేళ్లు ఇలా జరిగాక, మళ్లీ ఓటు అడగడానికి ఏ ముఖంతో వెళ్లాలా అని సభ్యులకు భయం పుట్టింది.

సౌదీ క్షిపణుల విషయంలో వీధిలో అలాంటి జనం లేరు. ఆ ఒక్క ఓటు తక్కువ పడింది సభలోనే అయినా, అంతకన్నా ముందు బయట తక్కువ పడింది.

సిద్ధార్థుడు ఓడిపోయిన ఓటు

ఇక మన పుస్తకం దగ్గరికొద్దాం. 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్, సిద్ధార్థుడు ఇల్లు వదలడానికి కారణం రోగిని, ముసలివాణ్ని, శవాన్ని చూడడం అని రాయలేదు. ఆ పాత కథ ఆయనకు నమ్మశక్యంగా అనిపించలేదు. ఆయన చూపిన కారణం యుద్ధం, ఆ యుద్ధం మీద జరిగిన ఓటింగు.

రోహిణి నది నీళ్ల కోసం శాక్యుల పనివాళ్లు, కోలియుల పనివాళ్లు కొట్టుకున్నారు. శాక్య సంఘం సమావేశమైంది. సేనాపతి యుద్ధం చేద్దామన్నాడు. 28 ఏళ్ల సిద్ధార్థుడు వద్దన్నాడు. మనవాళ్లు ఇద్దరు, వాళ్లవాళ్లు ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న ఐదోవాడు, ఈ ఐదుగురూ తగువు తీర్చాలని ప్రతిపాదించాడు. ఓటింగు పెట్టారు. సిద్ధార్థుడు చిత్తుగా ఓడిపోయాడు.

మరునాడు 20 నుంచి 50 ఏళ్ల మధ్య శాక్యులందరూ సైన్యంలో చేరాలని తీర్మానం వచ్చింది. ముందురోజు యుద్ధం వద్దన్నవాళ్లు ఈసారి నోరు మెదపలేదు. సిద్ధార్థుడు ఒక్కడే లేచి, నేను చేరను అన్నాడు. నీ కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు గుంజుకుంటాం అని సేనాపతి బెదిరించాడు. వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా వాళ్లనేం చెయ్యకండి, శిక్ష నాకే వెయ్యండి అని ఆయన దేశం విడిచి పరివ్రాజకుడయ్యాడు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతది ఇంకా ముఖ్యం. ఆయన వెళ్లిపోయాక శాక్యుల్లో యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద అలజడి లేచింది. ఆడామగా, పిల్లలు కూడా జెండాలు పట్టుకుని ఊరేగారు. సంఘం మళ్లీ సమావేశం కావలసి వచ్చింది. ఈసారి మెజారిటీ శాంతి వైపు తిరిగింది. రెండు వైపులా రాయబారులు కూర్చుని తగువు తీర్చుకున్నారు. ఆ వార్త ఐదుగురు పరివ్రాజకులు వచ్చి సిద్ధార్థుడికి చెప్పారు.

ఇందులో మూడు మెట్లున్నాయి. మొదట ఓటు వేశాడు, ఓడిపోయాడు. తర్వాత, అందరూ వినేలా, మూల్యం చెల్లించి కాదన్నాడు. ఆ తర్వాత జనం కదిలారు, సంఘం మనసు మార్చుకుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ యుద్ధం ఆగేది కాదు.

బాబాసాహెబ్ జీవితమూ ఇదే దారి. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు మనవాళ్ల ఓటు గురించి వాదించాడు. 1951లో మంత్రి పదవి వదిలేటప్పుడు చెప్పిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లుతో పాటు విదేశాంగ విధానం కూడా ఉంది. ఏడాదికి వచ్చే 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని, అది మన విదేశాంగ విధానం తెచ్చిపెట్టిన బరువని చెప్పాడు. మరుసటి ఎన్నికల్లో ఓడిపోయాడు. 1954 ఉప ఎన్నికలోనూ ఓడిపోయాడు. అయినా ఓటు దండగ అని మనకు చెప్పలేదు.

ఇంట్లో కూర్చోవడం గురించి

ఇప్పుడు మా అమ్మాయి మాట. ఓటెయ్యకుండా ఇంట్లో కూర్చుంటే శీలం నిలుస్తుందా? శాక్య సంఘంలో రెండోరోజు నోరు మెదపనివాళ్ల సంగతి చూడండి. వాళ్లు యుద్ధం కావాలనలేదు. వాళ్ల చేతులు శుభ్రంగానే ఉన్నాయి. కానీ సేనాపతి ఆ మౌనాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేసుకున్నాడు. సిద్ధార్థుడు కాదన్నది నలుగురిలో నిలబడి. ఇంట్లో తలుపేసుకుని కాదంటే వినేదెవరు?

ఎవరికీ వెయ్యను, ఎందుకు వెయ్యనో ఇదిగో చెబుతున్నాను అని బజార్లో నిలబడి చెప్పేవాళ్లను నేను తప్పుపట్టను. అదీ ఒక రకం ఓటే. నేను తప్పుపట్టేది, నా శీలం పదిలంగా ఉంటే చాలు, లోకం ఎట్లా పోతే నాకేం అనే మనసును. శీలం మనకు ఇచ్చింది కరుణ పెంచుకోవడానికి. మన ఒక్కరి చేతులు కడుక్కోవడానికి కాదు.

మరి ఆయుధాలు అమ్మేవాడికి ఓటేస్తే పాపం రాదా అంటారేమో. చేతనే కమ్మమని బుద్ధుడు చెప్పాడు. ఉన్నవాళ్లలో తక్కువ కీడు చేసేవాణ్ని ఎన్నుకుని, ఆ మర్నాటి నుంచే వాడి మెడమీద కూర్చుంటానన్న సంకల్పంతో వేస్తే ఆ చేతన వేరు. ఓటేసి వచ్చి, నా పని అయిపోయిందని నిద్రపోతే ఆ చేతన వేరు. ఓటు ఒకటే, శీలం రెండు రకాలు.

మన గడపలోకి

అమెరికాను తిట్టడం తేలిక. మనదేశం చాలా ఏళ్లుగా విదేశీ ఆయుధాలు ఎక్కువగా కొనే దేశాల్లో ముందువరసలో ఉంది. ఇప్పుడు అమ్మడం కూడా పెరిగింది. 2013–14లో 686 కోట్ల రూపాయలున్న మన రక్షణ ఎగుమతులు, 2024–25కి 23,622 కోట్లయ్యాయి. హైదరాబాదులో తయారైన డ్రోన్లు గాజా యుద్ధం సాగుతుండగా ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. అదే నెలలో మన రేవు కార్మికుల సమాఖ్య, ఆ దేశానికి ఆయుధాల సరుకు ఎత్తబోమని ప్రకటించింది. ఎగుమతులు ఆపమని కొందరు సుప్రీంకోర్టుకు వెళితే, ఇది ప్రభుత్వం చూసుకోవలసిన విదేశాంగ విషయమని సెప్టెంబరులో కోర్టు కొట్టేసింది.

ఆ ఏడాదే మనకూ ఎన్నికలొచ్చాయి. మన పేటకు వచ్చిన అభ్యర్థుల్లో ఒక్కరినైనా ఈ సంగతి అడిగామా? పింఛను అడిగాం, రోడ్డు అడిగాం, అడగాల్సిందే. ఇది మాత్రం అడగలేదు. అడగని ప్రశ్నకు ఓటు ఏం జవాబు తెస్తుంది?

ఇక ఆ ఉపాసకుడి కొడుకు విషయం. దేశాన్ని కాపాడుకోవడానికి ఆయుధం అసలు పట్టకూడదని ధమ్మం చెప్పిందా? చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని బాబాసాహెబ్ విడదీసి చెప్పాడు. ఆయన తండ్రి రాంజీ సుబేదారు. కాబట్టి ఆ పిల్లవాణ్ని వేలెత్తి చూపే హక్కు మనకు లేదు. పైగా పొలంలేని ఇంట్లో పుట్టినవాడికి ఉద్యోగం వదిలెయ్యమని చెప్పడం, చెప్పేవాడికి తేలిక.

కానీ కాపలాకు కత్తి పెట్టుకోవడం, డబ్బిచ్చిన ఎవడికైనా కత్తి అమ్మడం ఒకటి కాదు. రెండోది బుద్ధుడు వద్దన్న వ్యాపారమే. కాబట్టి ఆ తండ్రికి నేను చెప్పింది ఇది: నువ్వు బిగించే భాగం ఎక్కడికి పోతుందో తెలుసుకోమని మీవాడికి చెప్పు. పరాయి దేశంలో పసిపిల్లల మీద పడేదని తెలిస్తే, వేరే పని వెతుక్కోమను. ఆ వెతకడంలో వాడు ఒంటరిగా ఉండకూడదు. పని దొరికేదాకా ఆ ఇంటికి ఆసరా ఇవ్వడం ఈ విహారం బాధ్యత. ఆ బాధ్యత తీసుకోకుండా సమ్మా ఆజీవం గురించి ఉపన్యాసాలివ్వడం మనకు తగదు. ఈ మాట మీద ఆ రోజు విహారంలో ఒక పుస్తకం తెరిచాం. నెలకు తలా కొంత వేస్తున్నాం. చిన్న మొత్తమే.

చివరగా

మా నాయనమ్మ చెప్పేది. వాళ్లు మొదట్లో ఓటెయ్యడానికి బడి దగ్గరికి పోతే, "మీ ఓట్లు మేం వేసేశాం, ఇంటికి పొండి" అనేవాళ్లట ఊరి పెద్దలు. ఆమె ప్రతి ఎన్నికకూ పోయేది, ప్రతిసారీ తిరిగొచ్చేది. ఎన్నో ఎన్నికకో వేలి మీద సిరా చుక్కతో తిరిగొచ్చింది. ఆ మధ్యలో వట్టి చేతులతో నడిచిన నడకలన్నీ వృథా అని నేననుకోను.

ఇదే మా అమ్మాయికి చెప్పాను. ఆమె ఓటేసింది. ఎవరికని నేనడగలేదు. తన ప్రాంతం సెనేటర్లకు ఉత్తరాలు రాసింది. శనివారాలు ప్రజాప్రతినిధి కార్యాలయం ముందు అట్ట పట్టుకుని నిలబడే గుంపులో చేరింది. 2024 నవంబరు 20న, ఇజ్రాయెల్‌కు ఆయుధాలు ఆపాలనే తీర్మానాలు సెనేట్‌లో వచ్చాయి. వందమందిలో ఎక్కువలో ఎక్కువ 19 మంది ఔనన్నారు. ఆ రోజు ఫోన్లో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. 2025 జూలైలో మళ్లీ అలాంటి తీర్మానం వచ్చింది, మళ్లీ ఓడిపోయింది. ఆ రాత్రి నిద్ర లేపి మరీ చెప్పింది: "బాబాయ్, ఇరవై ఏడు."

ఇరవై ఏడుతో బాంబులు ఆగవు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ శాక్య సంఘంలో మొదటి రోజు కూడా లెక్క ఇలాగే ఉంది. రెండోరోజు లేచి నిలబడ్డవాడు ఒక్కడే.

నమో బుద్ధాయ. జై భీమ్.